సిర్రోసిస్ ఉన్న మనిషిని ఏళ్ల తరబడి ఇంట్లో చూసుకోవడం ఎలా

లివర్ సిర్రోసిస్ అని రిపోర్టులో చూడగానే మన ఊళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇగ అయిపోయింది, ఇంటికి తీస్కపోండ్రి" అంటారు కొందరు. "తాగుడు బంద్ చేస్తే అదే తగ్గుతది" అంటారు ఇంకొందరు. మా నాయనకు ఈ జబ్బు బయటపడ్డప్పుడు ఈ రెండు మాటలూ ఒకే రోజు విన్నాం. ఆ తర్వాత ఆయన తొమ్మిదేళ్లు బతికాడు. అందులో ఆరేళ్లు పొలం పనికి పోయాడు, ఇద్దరు మనవరాళ్లను ఎత్తుకుని తిప్పాడు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఆయన్ను చూసుకుంటూ నేర్చుకున్నదీ, డాక్టర్లను పదే పదే అడిగి తెలుసుకున్నదీ, మేం చేసిన తప్పులూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మందుల మోతాదు మీ డాక్టరే చెప్పాలి. కానీ ఈ జబ్బులో ఇంట్లో వాళ్లు చేయాల్సిన పని చాలా ఉంది.

ముందు, గీతకు ఏ పక్కన ఉన్నారో తెలుసుకోండి

సిర్రోసిస్ అంటే లివర్ నిండా మచ్చలు పడి గట్టిపడిపోవడం. మద్యం, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, షుగరు, లావుతో వచ్చే కొవ్వు లివర్, ఇవి ముఖ్యమైన కారణాలు. గట్టిపడ్డ లివర్ గుండా రక్తం సాఫీగా పోలేదు. పంట కాలువకు అడ్డం పడితే నీళ్లు వెనక్కి తన్ని గట్లు తెంపినట్టు, ఆ రక్తం వెనక్కి తన్నుతుంది. అందుకే అన్ననాళం లోపల రక్తపు నరాలు ఉబ్బుతాయి, పొట్టలో నీళ్లు ఊరతాయి, ప్లీహం పెద్దదై ప్లేట్‌లెట్లు తగ్గుతాయి.

డాక్టర్లు దీన్ని రెండు దశలుగా చూస్తారు. మచ్చలు ఉన్నా, మిగిలిన లివర్ పనిని నెట్టుకొస్తుంటే కాంపెన్సేటెడ్ అంటారు. పొట్టలో నీళ్లు, రక్తపు వాంతి, మతి తప్పడం, కామెర్లు, వీటిలో ఒక్కటి వచ్చినా డీకాంపెన్సేటెడ్ అంటారు. మొదటి దశలో ఉన్నవాళ్లలో సగం మంది 12 ఏళ్లకు పైగా బతుకుతారు. రెండో దశకు వచ్చాక సగం మంది రెండేళ్లు దాటరు. మొదటి దశలోని ప్రతి 100 మందిలో ఏడాదికి 5 నుంచి 7 మంది ఈ గీత దాటుతారు. కాబట్టి డాక్టరును మొదట అడగాల్సిన ప్రశ్న "ఎన్నేళ్లు బతుకుతాడు" అని కాదు, "మా మనిషి గీతకు ఏ పక్కన ఉన్నాడు" అని.

ఈ లెక్కలు విని భయపడకండి. ఇవి ఎంతోమందిని కలిపి తీసిన సగటులు. గీత దాటినవాళ్లు వెనక్కి కూడా వస్తారు. జబ్బుకు మూలకారణం ఆగిపోయి, మందు బిళ్లల అవసరం లేకుండానే నీళ్లు రాకుండా, మతి తప్పకుండా, రక్తస్రావం కాకుండా ఏడాది గడిచి, రక్త పరీక్షలూ మెరుగుపడితే దాన్ని రీకాంపెన్సేషన్ అంటారు. మా నాయన పొట్టలో నీళ్లతోనే మొదటిసారి దవాఖానకు పోయాడు. తాగుడు పూర్తిగా మానేశాక నీళ్ల బిళ్లలు (ఒంట్లో నీటిని మూత్రంతో బయటకు పంపేవి) ఆపడానికి ఏడాదిన్నర పట్టింది.

పాత రిపోర్టులన్నీ ఒక ఫైలులో తేదీల వరుసలో పెట్టండి. వాటితో లివర్ ఎంత దెబ్బతిందో చెప్పే చైల్డ్ పగ్ స్కోరు మీరే లెక్క వేసుకోవచ్చు. ఐదు విషయాలు, ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. ఇక్కడ మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిది. బిలిరుబిన్ (కామెర్ల పరీక్ష) 2 లోపుంటే 1, 2 నుంచి 3 మధ్య అయితే 2, 3 దాటితే 3. అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్) 3.5 పైన ఉంటే 1, 2.8 నుంచి 3.5 మధ్య అయితే 2, 2.8 కన్నా తక్కువైతే 3. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష) 1.7 లోపుంటే 1, 2.3 వరకు 2, ఆపైన 3. పొట్టలో నీళ్లు లేకపోతే 1, కొద్దిగా ఉండి మందులకు తగ్గుతుంటే 2, ఎక్కువగా ఉంటే 3. మతి స్థిమితంగా ఉంటే 1, కాస్త తికమక ఉంటే 2, బాగా మత్తుగా ఉంటే 3. మొత్తం 5, 6 వస్తే ఎ, 7 నుంచి 9 బి, 10 నుంచి 15 సి.

ఉదాహరణకు బిలిరుబిన్ 2.4, అల్బుమిన్ 2.9, ఐఎన్ఆర్ 1.5, పొట్టలో కొద్దిగా నీళ్లు, మతి బాగుంది అనుకోండి. 2, 2, 1, 2, 1 కలిపితే 8. అంటే బి. ఆరు నెలలకోసారి ఈ అంకె రాసుకుంటే మనిషి ఎటు పోతున్నాడో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. డాక్టర్లు మెల్డ్ అనే ఇంకో స్కోరూ చూస్తారు. అది బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష)తో వేస్తారు, ఇప్పుడు సోడియం కూడా కలుపుతున్నారు. అది 15 దాటితే లివర్ మార్పిడి గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చిందని అర్థం.

కారణాన్ని ఆపండి, కానీ కల్లు దగ్గర తొందరపడకండి

మూలకారణం ఆగకుండా మిగతా ఏ జాగ్రత్తా నిలవదు. హెపటైటిస్ బి అయితే టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ బిళ్ల రోజూ వేసుకోవాలి, చాలామందికి జీవితాంతం. బాగుందని మానేస్తే వైరస్ ఒక్కసారిగా లేచి లివర్ కుప్పకూలుతుంది. పని కోసం బొంబాయికో పుణెకో వలస పోయేవాళ్లు మూడు నెలల బిళ్లలు ముందే తీసుకుని పోవాలి. హెపటైటిస్ సి అయితే మామూలుగా 12 వారాల బిళ్లలతో 100లో 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. గీత దాటినవాళ్లకు కోర్సు మారుతుంది, అది డాక్టరు చెబుతారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ మందులు సర్కారు దవాఖానల్లో ఉచితంగా ఇస్తారు. అక్కడే అడగండి. ఇంట్లో మిగతావాళ్లకూ హెపటైటిస్ బి పరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించండి.

ఇక తాగుడు. దవాఖానలో డాక్టరు "మందు తాగుతారా" అని అడిగితే మనవాళ్లు చెప్పే జవాబు ఒకటుంది: "మందు ముట్టడు సార్, కల్లే తాగుతడు." తాటికల్లైనా, ఈతకల్లైనా అందులో ఆల్కహాల్ ఉంటుంది. సిర్రోసిస్ వచ్చాక ఒక్క గ్లాసు కూడా ఎక్కువే. అసలు ప్రమాదం కల్తీ కల్లుతో. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్గొండ వైపు దుకాణాల్లో దొరికే కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతూ దొరికిపోయిన సంగతి ఎప్పటి నుంచో అందరికీ తెలిసిందే. ఇవి నిద్ర మందులు. దెబ్బతిన్న లివర్ వీటిని బయటకు పంపలేదు. అవి ఒంట్లో పేరుకుని మనిషి మత్తులోకి, ఆ తర్వాత కోమాలోకి పోతాడు.

కానీ రోజూ అలవాటున్నవాడికి ఆ కల్లు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. 2015లో కల్తీ కల్లు దుకాణాలపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ దవాఖానలకు వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిగా మాట్లాడుతూ వందల మంది వచ్చారు. కాబట్టి ఇలా చేయండి. ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, రోజుకు ఎన్ని సీసాలు, ఏ దుకాణం, తాగకపోతే చేతులు వణుకుతాయా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. మొదటి వారం దవాఖానలో ఉంచే మాన్పించమని అడగండి. విటమిన్ బి1 తప్పకుండా ఇప్పించండి. మహబూబ్‌నగర్, నల్గొండ మెడికల్ కాలేజీ దవాఖానల్లో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి పోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. అన్నంలో తెలియకుండా కలిపే "తాగుడు మాన్పించే పొడి" జోలికి మాత్రం పోకండి. అందులో డైసల్ఫిరామ్ ఉంటే లివర్‌ను ఇంకా దెబ్బతీస్తుంది.

దసరా, బోనాలు, దినాలు, దావత్‌లు వస్తాయి. "ఒక్క పెగ్గుకు ఏమైతది బావా" అనేవాళ్లు ఉంటారు. మా ఇంట్లో మొదటి రెండేళ్లు నాయన ఒక్కడే దావత్‌కు పోకుండా చూసుకున్నాం. అన్న పక్కన కూర్చునేవాడు, ఇద్దరూ తిని తొందరగా లేచి వచ్చేవారు. కొందరు చుట్టాలు అలిగారు. అలగనిచ్చాం.

ఒక నోటు పుస్తకం పెట్టండి

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఒక 200 పేజీల నోటు పుస్తకం, ఒక బరువు మిషన్. పొద్దున్నే కాలకృత్యాలు తీరాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయాలి. ఒక్క వారంలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీళ్లు. డాక్టరుకు ఫోన్ చేయండి. నీళ్ల బిళ్లలు వేసుకుంటున్నప్పుడు మరీ తొందరగా తగ్గినా మంచిది కాదు. కాళ్ల వాపు లేకపోతే రోజుకు అరకిలో, వాపు ఉంటే కిలో, అంతకు మించి తగ్గితే కిడ్నీలకు దెబ్బ. పొట్ట చుట్టుకొలత వారానికోసారి, బొడ్డు మీదుగా టేపు పెట్టి రాయండి.

అదే పేజీలో రోజూ ఆయనతో సంతకం పెట్టించండి. దీనికి కారణం ఉంది. లివర్ వడపోయాల్సిన అమ్మోనియా లాంటి విషాలు మెదడుకు చేరితే మొదట మారేవి చిన్న చిన్న విషయాలే. పగలు నిద్ర, రాత్రి మెలకువ, చిన్నదానికి కోపం, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకోవడం, చేతిరాత వంకర పోవడం. నిన్నటి సంతకం పక్కన ఈ రోజు సంతకం చూస్తే తేడా కంటికి కనబడుతుంది. చదువురానివాళ్లయితే ఒక నక్షత్రం బొమ్మ గీయమనండి, లేదా నిమిషంలో గుర్తొచ్చిన జంతువుల పేర్లు చెప్పమనండి. పది కూడా దాటకపోతే అనుమానించాలి. చేతులు ముందుకు చాపి మణికట్లు పైకెత్తమన్నప్పుడు, కోడి రెక్క కొట్టుకున్నట్టు అరచేతులు కిందికి జారి లేస్తుంటే అదే లక్షణం. ఇలా ఉన్నవాళ్ల చేతికి బండి ఇవ్వకండి.

ఊళ్లో దీన్ని గాలి సోకిందంటారు, మళ్లీ తాగొచ్చాడంటారు. మా నాయనను ఒకసారి తాగాడనుకుని మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన అమ్మను గుర్తుపట్టలేదు. అప్పుడు తెలిసింది, ఆయనకు నాలుగు రోజులుగా విరేచనం కాలేదని.

మలబద్ధకం, జ్వరం, లోపల రక్తస్రావం, నిద్ర మాత్రలు, నీళ్ల బిళ్లలు ఎక్కువై సోడియం పడిపోవడం, ఇవే మతి తప్పించేవి. ల్యాక్టులోజ్ సిరప్ ఇచ్చేది అందుకే. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకోవాలి. ఒక్కసారే అయితే చాలదు, ఐదారుసార్లయితే ఒంట్లో నీరు పోయి మళ్లీ మతి తప్పుతుంది. అందుకే నోటు పుస్తకంలో ఈ లెక్క కూడా రాయాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే రిఫాక్సిమిన్ బిళ్ల కలుపుతారు. ఖరీదైనదే, అయినా మానకండి.

తిండి: తగ్గించేది ఉప్పును, పప్పును కాదు

"లివర్ ఖరాబైతే పప్పు, గుడ్డు, మాంసం బంద్" అనే మాట ఇంకా నడుస్తోంది. అది పాత పద్ధతి. సిర్రోసిస్‌లో ఒంట్లో కండ కరిగిపోతుంది. కండ కరిగినవాళ్లకు ఇన్ఫెక్షన్లు, మతి తప్పడం, మరణం అన్నీ ఎక్కువ. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. నీళ్ల బరువు తీసేసి లెక్క వేయాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రెండు గుడ్లలో 12, పావు లీటరు పాలలో 8, 100 గ్రాముల కందిపప్పులో 22, గుప్పెడు పల్లీల్లో 7, 100 గ్రాముల చికెన్‌లో 25 వరకు ఉంటాయి. మాంసం తిన్నాక తికమక పడేవాళ్లకు పప్పు, పెసర్లు, బొబ్బర్లు, పెరుగు ఎక్కువ పడతాయి. పల్లీలు, మక్కలు బూజు పట్టినవి మాత్రం ఒక్క గింజ కూడా వద్దు. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ లివర్ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. పాలమూరు పల్లీ రైతు ఇళ్లలో గింజ ఏరి మంచిది అమ్మి, పాడైంది ఇంటికి ఉంచుకునే అలవాటు ఉంటుంది. ఆ అలవాటు ఈ ఇంట్లో మానండి.

రాత్రి ఏడింటికి తిని పొద్దున తొమ్మిదికి తినే పద్ధతి కూడా మారాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ రాత్రంతా నడవడానికి చక్కెరను దాచుకుంటుంది. సిర్రోసిస్ లివర్ దాచుకోలేదు, కాబట్టి కండను కరిగించి వాడుకుంటుంది. పడుకునే ముందు చిన్న జొన్న రొట్టెలు రెండు, గ్లాసు పాలు ఇవ్వండి. రాగి జావైనా మంచిదే. లేవగానే మళ్లీ ఏదో ఒకటి. ఒక్కపొద్దులు, ఉపవాసాలు ఇక ఆయన తరఫున ఇంట్లో వేరేవాళ్లు చేయాలి.

పొట్టలో నీళ్లు ఉన్నవాళ్లకు ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. మామిడికాయ తొక్కు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, ఎండు రొయ్యలు, మిక్చరు, ఇవన్నీ ఆ చెంచాలోకే వస్తాయి. నీళ్లలో పొంగే గ్యాస్ పొడుల్లోనూ సోడియం బాగా ఉంటుంది. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. స్పిరోనోలాక్టోన్ అనే నీళ్ల బిళ్ల వేసుకునేవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. మా అమ్మ ఇంటిల్లిపాదికీ ఉప్పు లేకుండా వండి, మిగతావాళ్లు పైన చల్లుకునేట్టు పెట్టింది. నాయనకు నిమ్మకాయ, ఎల్లిపాయ కారం, కొత్తిమీరతో రుచి తెచ్చేది. ఉప్పు మరీ తగ్గించి, ఆ చప్పిడికి మనిషి తిండే మానేస్తే నష్టం ఎక్కువ. అలాంటప్పుడు చిటికెడు పెంచి డాక్టరుకు చెప్పడం మేలు. నీళ్లు తాగడం తగ్గించాల్సింది సోడియం బాగా పడిపోయినప్పుడే, అదీ డాక్టరు చెబితేనే.

నొప్పి గోళీ, సూది, పసరు

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా ఉంది. వాళ్లకు నడుము, మోకాళ్లు నొప్పి పెట్టని రోజు ఉండదు. ఒక సూది వేయించుకుని పనికి పోవడం వాళ్లకు మామూలు విషయం. ఆ సూదిలో తరచుగా ఉండేది డైక్లోఫెనాక్. సిర్రోసిస్‌లో కిడ్నీలు అసలే అంచున ఉంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వాటిని మూసేస్తాయి, కడుపులో రక్తస్రావం కూడా తెస్తాయి. మా నాయనకు నాలుగో ఏట ఒక ఆర్‌ఎంపీ వరసగా మూడు రోజులు ఆ సూది వేశాడు. వారం తిరగకుండా క్రియాటినిన్ 3 దాటింది, పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాం. నాయనకు సిర్రోసిస్ ఉందని ఆ ఆర్‌ఎంపీకి తెలియదు, మేమూ చెప్పలేదు.

నొప్పికైనా, జ్వరానికైనా పారాసెటమాల్ వాడవచ్చు, రోజుకు 2 గ్రాములు దాటకుండా, అంటే 500 బిళ్లలు నాలుగు. డాక్టరును ఒక్కసారి అడిగి రాసిపెట్టుకోండి. నిద్ర మాత్రలు సొంతంగా వద్దు. కామెర్లకు పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం వద్దు. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ల కేసులను మన దేశపు డాక్టర్లే బయటపెట్టారు. ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి.

రక్తపు వాంతి వచ్చే రాత్రికి ముందే సిద్ధం కండి

జబ్బు తెలిసిన కొత్తలోనే ఎండోస్కోపీ చేయించి లోపలి నరాలు ఎంత ఉబ్బాయో చూడాలి. కొద్దిమందికి, అంటే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) 20 లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉన్నవాళ్లకు, అప్పటికి అవసరం ఉండకపోవచ్చు. నరాలు పెద్దగా ఉంటే కార్వెడిలాల్ లేదా ప్రొప్రనొలాల్ ఇస్తారు, లేదా రబ్బరు రింగులతో బ్యాండింగ్ చేస్తారు. ఆ బిళ్లలు వేసుకునేవాళ్లకు బీపీ చూస్తుండాలి. పై అంకె 90 కన్నా తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ నరాలు పగిలితే, దవాఖానలో వైద్యం అందినా, ఆరు వారాల్లో 100లో 15 నుంచి 20 మంది చనిపోతున్నారు. అందుకే ఏ గంటకు ఎక్కడికి పోవాలో ముందే నిర్ణయించుకోవాలి.

నల్గొండ నుంచైనా, పాలమూరు నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. మీకు దగ్గరలో రాత్రిపూట కూడా ఎండోస్కోపీ చేసే దవాఖాన ఏదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. జిల్లా పెద్ద దవాఖాన, నార్కట్‌పల్లి కామినేని, బీబీనగర్ ఎయిమ్స్, ఉస్మానియా, నిమ్స్, మీ దారిలో ఏది ఉంటే అది అడగండి. జవాబు నోటు పుస్తకం మొదటి పేజీలో రాయండి. రక్తం వాంతి అయినా, మలం తారులా నల్లగా, జిగటగా, వాసనతో వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఎడమ పక్కకు పడుకోబెట్టండి. నోటికి ఏమీ ఇవ్వకండి. "సిర్రోసిస్ పేషెంటు, రక్తం కక్కుతున్నాడు" అని ఫోన్‌లోనే చెప్పండి. దారిలో రక్తం ఆగినా వెనక్కి తిరగకండి. ఐరన్ బిళ్లలతో కూడా మలం నల్లబడుతుంది, కానీ అది జిగటగా ఉండదు. అనుమానం ఉంటే మాత్రం దవాఖానకే పోండి.

పొట్టలో నీళ్లున్న మనిషికి జ్వరం, కడుపునొప్పి, లేదా ఉన్నట్టుండి నీరసం వస్తే అదీ ఎమర్జెన్సీయే. ఆ నీళ్లకే ఇన్ఫెక్షన్ పట్టి ఉండవచ్చు. సూదితో కొద్దిగా తీసి కణాల లెక్క చూడమని అడగండి. నీళ్లు తీస్తే మనిషి నీరసించి చచ్చిపోతాడని మనవాళ్లు భయపడతారు. 5 లీటర్లకు మించి తీసినప్పుడు అల్బుమిన్ ఎక్కిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఎక్కిస్తున్నారా అని అడగడం మీ హక్కు.

బాగున్నప్పుడే స్కానింగ్

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో ఏడాదికి 100కు 1 నుంచి 4 మందికి లివర్ క్యాన్సర్ వస్తుంది. తాగుడు మానినా, వైరస్ పోయినా ఆ ప్రమాదం తగ్గుతుందే గానీ పోదు. మొదట్లో దానికి నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు. రెండు మూడు సెంటీమీటర్లు ఉన్నప్పుడు దొరికితే కాల్చేయడానికో, కోసి తీయడానికో వీలుంటుంది. అందుకే ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ అనే లివర్ క్యాన్సర్ రక్త పరీక్ష చేయించాలి.

మేం ఆరేళ్లు తప్పకుండా చేయించాం. ఆ తర్వాత నాయన బాగానే ఉన్నాడు. నేను పని మీద పుణె పోయాను, అన్నకు బోరు పడక అప్పులు పెరిగాయి. "బాగనే ఉన్నడు గదా" అనుకుని రెండేళ్లు స్కానింగ్ మానేశాం. మళ్లీ చేయించేసరికి గడ్డ తొమ్మిది సెంటీమీటర్లు ఉంది. అప్పటికీ ఆయన సైకిల్ తొక్కుతున్నాడు.

మీరు అలా చేయకండి. ఊరికే గుర్తుంచుకుంటామంటే కుదరదు, పండుగలకు ముడిపెట్టండి. సంక్రాంతి అయ్యాక ఒకటి, బోనాలప్పుడు ఒకటి. వలస పోయిన కొడుకులు ఆ రెండు సార్లూ ఎలాగూ ఇంటికి వస్తారు. అదే రోజు క్రియాటినిన్, సోడియం, బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్ కూడా చేయించండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగండి.

మార్పిడి గురించి ఆలస్యంగా అడగకండి

మొదటిసారి నీళ్లు వచ్చినా, రక్తం కక్కినా, మతి తప్పినా అప్పుడే "మార్పిడికి పేరు రాయించాలా" అని అడగండి. మంచం పట్టాక అడిగితే ఒళ్లు ఆపరేషన్‌కు తట్టుకోదు. చనిపోయిన దాతల అవయవాలను తెలంగాణలో నిమ్స్‌లో ఉన్న జీవన్‌దాన్ ద్వారా ఇస్తారు, అక్కడ పేరు నమోదవ్వాలి. దగ్గరి రక్తసంబంధీకులు, భార్య లేదా భర్త తమ లివర్‌లో కొంత భాగం ఇవ్వవచ్చు. ఇచ్చినవాళ్లకు అది కొన్ని నెలల్లో దాదాపు మామూలు సైజుకు పెరుగుతుంది. కానీ అది కూడా పెద్ద ఆపరేషనే. ఇంట్లో కోడలి మీదో, బిడ్డ మీదో ఒత్తిడి పెట్టి ఒప్పించకండి. తాగుడు వల్ల జబ్బు వచ్చినవాళ్లను చాలాచోట్ల ఆరు నెలలు మానేసి చూపించమంటారు. మీ నోటు పుస్తకం అక్కడా పనికొస్తుంది.

డబ్బు విషయానికొస్తే, ఆరోగ్యశ్రీ 2007లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు తెలంగాణలో దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఉస్మానియా లాంటి సర్కారు దవాఖానల్లో ఆ పథకం కింద లివర్ మార్పిడి చేశారు. భూమి అమ్మే ముందు దవాఖానలోని ఆరోగ్యమిత్రను కలవండి.

మార్పిడి కుదరనివాళ్లకు, వయసు మీద పడ్డవాళ్లకు నొప్పి, ఆయాసం, దురద తగ్గించే వైద్యం ఉంది. పాలియేటివ్ వైద్యం అంటారు. మేం దాన్ని చివరి రెండు నెలలే వాడుకున్నాం. ఇంకా ముందే అడిగి ఉంటే ఆయన రాత్రుళ్లు ఇంకొంచెం నిద్రపోయేవాడు.

జేబులో కార్డు

చివరిగా, ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా జేబులో ఉంచండి. జాతరకు పోయినా, బస్సెక్కినా అది ఉండాలి. మా నాయన జేబులో ఉన్నది ఇది:

"నాకు లివర్ సిర్రోసిస్ ఉంది. డైక్లోఫెనాక్, నొప్పి సూదులు వేయవద్దు. నిద్ర మందు ఇవ్వవద్దు. నేను మత్తుగా, తికమకగా ఉంటే తాగాననుకోవద్దు, వెంటనే దవాఖానకు చేర్చండి. రక్తం కక్కితే ఎడమ పక్కకు తిప్పి 108కి ఫోన్ చేయండి. నరాలకు రెండుసార్లు బ్యాండింగ్ అయింది. వేసుకునే మందులు వెనక రాసి ఉన్నాయి. కింద ఉన్నది నా కొడుకు నంబరు."